నిలబెట్టే పెట్టె

నేను ఒక కరెంటు పెట్టెను. షాకుల మిషన్ అంటారు గానీ, ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు నాలుగు తీగలు, వాటి చివర జిగురు బిళ్లలు. నడుం విరిగి కాళ్లు చచ్చుబడిన మనిషి తొడలకు వాటిని అంటించి మీట తిప్పితే, మెదడు మాట వినని కండరం నా మాట వింటుంది. మోకాళ్లు బిగుసుకుంటాయి, మనిషి లేచి నిలబడతాడు. ఇంత విద్య ఉన్న నా మీద ఆసుపత్రి వాళ్లు చాలాకాలం టీ గ్లాసులు పెట్టుకున్నారు.

అప్పుడొచ్చాడు సోమనర్సు. కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడ్డవాడు. నేను మొదటిసారి నిలబెట్టినప్పుడు భార్య అండాలును చూసి, "ఏందే, గింత పొట్టిగున్నవ్?" అన్నాడు. పడ్డప్పటి నుంచీ ఆమెను కింద నుంచే చూస్తున్నాడు పాపం. ఆమె నవ్వుతూనే ఏడ్చింది.

అతని కోరిక ఒక్కటే. గీతవాళ్ల దేవుడు కాటమయ్య పండుగనాడు గుడి ముందు నిలబడి మొక్కాలి.

"కింద పడేసినోని ముందట పండుకొని మొక్కుతనా సారూ? నిలబడే అడుగుత, నేనేం తప్పు జేసిన్నని" అన్నాడు. ఫిజియోథెరపీ డాక్టర్ సత్యపాల్ మనసు కరిగి, నన్ను సంచిలో వేసుకుని ఊరికి తెచ్చాడు.

పండుగ పూట అండాలు మొగుడికి తలంటు పోసింది. అంతటితో ఊరుకుందా? దేవుడి ముందు నిలబడే కాళ్లు కదా అని తొడలకు ఆముదం పట్టించి, బట్టతో పైపైన తుడిచింది. బిళ్లలు అంటించడం ఆమెకు అలవాటే కనుక డాక్టరు చూడలేదు. నాకు తెలుసు, జిడ్డు మీద బిళ్ల నిలవదని. ఏం లాభం, మీట తిప్పేశారు.

డప్పులు మోగుతుండగా సోమనర్సు వాకర్ పట్టుకుని లేచాడు. ఒక చెయ్యి ఎత్తి దండం పెట్టాడు. అడగడానికి నోరు తెరిచాడో లేదో, ఆముదం జిడ్డుకు బిళ్లలు జారిపోయాయి. కుప్పకూలాడు. తొడ ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతనికి నొప్పి తెలియదు.

"ఏందా సప్పుడు?" అని అడిగాడు.

సత్యపాల్ జారిన బిళ్ల తీసి చూశాడు. ఆముదం వాసన తగిలింది. అండాలు ముఖం చూసి, "మిషన్ పాడైందమ్మా" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ!" అంటూ ఆమె నా మీద దోసెడు దుమ్ము పోసింది. పోయనీ. నిజం తెలిస్తే ఆ పిచ్చితల్లి బతకదు.

ఎముకలు గుల్లబారాయి, ఇక జన్మలో నిలబెట్టొద్దు అన్నారు పెద్ద డాక్టర్లు. ఆ మాట చెప్పడానికీ సత్యపాల్‌కు నోరు రాలేదు. మిషన్ రిపేరుకు పోయిందన్నాడు. ఏ రోగమూ లేని నేను పక్కగదిలో విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. సోమనర్సు వచ్చినప్పుడల్లా గోడ అవతల నుంచి అదే ప్రశ్న వినిపిస్తుంది.

"సారూ, మిషన్ బాగైందా?"

"ఇంకా రాలేదు నర్సన్నా."

"తొందరేం లేదు సారూ. నేనేడికి పోత?"