అరటితొక్కలో మాత్ర

మా కుండీలకి ఎరువు మా వంటింట్లోనే పుడుతుంది. బాల్కనీలో ఒక డ్రమ్ము పెట్టి, కూరగాయల చెత్తా ఎండుటాకులూ పొరలు పొరలుగా వేస్తాను. ఈమధ్య అది ఎరువు కాకుండా కంపు కొడుతుంటే, తొక్కల్ని చిన్నగా కోసి వెయ్యమని పక్కింటావిడ చెప్పింది. సరేనని పొద్దున్నే కత్తెర పట్టుకుని, రాత్రి చెత్తబకెట్టు ముందేసుకుని కూర్చున్నాను. అరటితొక్క మధ్యలో కత్తెరకి ఏదో తగిలింది. విప్పి చూస్తే తెల్లటి మాత్ర.

అది మా అత్తయ్యది. ఒంట్లో నీరు తీసేసే మాత్ర, పొద్దునొకటి, రాత్రొకటి. రోజూ రాత్రి హాల్లో ఆవిడ మంచం దగ్గరికెళ్ళి, అరటిపండూ మాత్రా నేనే చేతిలో పెట్టి, మా గదిలోకొచ్చి గొళ్ళెం వేసుకుంటాను.

నేను చెప్పుల షాపులో పనిచేస్తాను, ఎవరినైనా మొహం కంటే ముందు పాదాలే చూస్తాను. ఈమధ్య అత్తయ్య చెప్పులు రెండు సైజులు పెరిగాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. గుండె బలహీనంగా ఉంది, వాపు తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పేశారు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఈవిడ చూస్తే మాత్రల్ని ఎరువు చేస్తోంది!

డ్రమ్ములో చెయ్యిపెట్టి కెలికాను. నల్లబడ్డ తొక్కల్లో సగం కరిగిన తెల్లటి ముద్దలు ఇంకా దొరికాయి. మా టమాటా మొక్కలకి మాత్రం ఈ జన్మలో కాళ్ళవాపు రాదు.

ఆ రోజు షాపులో కాలు ఒకచోట నిలవలేదు. ఒకాయనకి రెండూ ఎడమకాలి చెప్పులే కట్టి ఇచ్చాను. ఈవిడకి బతకాలని లేదా? నేనేమైనా మాట జారానా? మా ఆయనకి ఫోన్ చేసి, ఎత్తేలోపే పెట్టేశాను. కరెంటు పని ఆయనది, నిచ్చెన మీదున్న మనిషికి చెప్పాల్సిన కబురు కాదిది. ఒక్కటే అంతుపట్టలేదు. పొద్దున మాత్ర నా ఎదుటే గుటుక్కున మింగుతుంది. రాత్రిదే ఎందుకు పారేస్తోంది?

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తయ్య బాల్కనీలో స్టూలు మీద కూర్చుని చిక్కుడుతీగకి పురికొస కడుతోంది. వచ్చే నెలకి కాయలొస్తాయని మురిసిపోతోంది. చావాలనుకునే మనిషి వచ్చే నెల కాయల గురించి మాట్లాడుతుందా? ఒళ్ళు మండి మాత్రని ఆవిడ ఒళ్ళో పడేశాను.

"ఇదేంటి అత్తయ్యా?"

మర్చిపోయానంది. తర్వాత చేదంది. తొక్కలో చుట్టిపెట్టడం మాత్రం మర్చిపోలేదే అని దులిపేశాను. చివరికి తలెత్తకుండా చెప్పింది.

"అది వేసుకుంటే రాత్రి మాటిమాటికీ లేవాలే. బాత్రూముకి మీ గదిలోంచే కదా వెళ్ళాలి. పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి పడుకున్న పిల్లల్ని తలుపు కొట్టి లేపమంటావా?"

"మరి ఇన్నాళ్ళూ రాత్రంతా ఎలా ఆపుకున్నావు?"

"చీకటి పడ్డాక నీళ్ళు తాగట్లేదులే."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద, నా మీద, ఈ ఇల్లు కట్టినవాడి మీద కోపమొచ్చింది. మా ఆయన వచ్చేసరికి అత్తయ్య మంచాన్ని ఒక్కదాన్నే మా గదిలోకి ఈడుస్తున్నాను. సంగతి విని, ఆయన చెప్పులైనా విప్పకుండా రెండోవైపు పట్టారు. మా మంచం హాల్లోకొచ్చింది. మొగుడూ పెళ్ళాలు హాల్లో పడుకోవడమేంటని అత్తయ్య మా వెనకాలే గొణుగుతూ తిరిగింది.

"ఇక గొళ్ళెం నీవైపే ఉంటుంది," అన్నాను. "మాకు అవసరమైతే నీలాగా మొహమాటపడం. తలుపు బాదేస్తాం."

ఆవిడ నవ్వింది. భోజనాలయ్యాక పండు తిని, మాత్ర మింగి, గ్లాసుడు నీళ్ళూ తాగింది. తొక్క నా చేతికిచ్చింది.

నా కళ్ళముందే మింగింది. అయినా తొక్క విప్పి చూసుకున్నాను. ఏమీ లేదు.