ఎర్రరంగు కింద మనిషి

గాజు షావుకారు కంటికి లోకంలో రెండే కుప్పలు: పనికొచ్చేది, పనికిరానిది. మూతపడిన ఇంజన్ల కార్ఖానా నుంచి మూడు పెట్టెల పాత ఫోటో నెగటివ్ గాజు పలకలు కొన్నప్పుడు కూడా పనికొచ్చేది గాజే, దాని మీది బొమ్మ కాదు. రేకు తొట్టిలో కాస్టిక్ సోడా కలిపి నానబెడితే బొమ్మ పొరలా ఊడొస్తుంది. మిగిలిన గాజు పటాలు కట్టేవాళ్ళకి పోతుంది.

మొదటి పెట్టె అలాగే కడిగేశాడు. రెండో పెట్టెలో ఒక పలక మీద గీత పడిందేమోనని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. గీత కాదు, బాయిలరు మీద రివెట్ల వరస. భూతద్దం పెడితే ఒక్కో రివెట్టు తల మీద సుత్తి దెబ్బ విడివిడిగా కనిపించింది. నేల మీద చీపురు గీతలు కూడా ఉన్నాయి. వెలుతురు ఏ పక్కనుంచి పడితే ఇనుము గుండ్రంగా తేలుతుందో ఆ ఫోటో తీసినవాడికి తెలుసు. మెరుపు కొట్టకుండా యంత్రానికి ముందే బూడిదరంగు పూయించాడు.

"జానెడు పలకలో ఇంత సరుకు ఎలా పట్టించాడ్రా నాయనా!" అనుకున్నాడు షావుకారు.

ఆ రోజు నుంచి కడగడం మానేశాడు. రోజూ చూడగా చూడగా, నల్లది తెల్లగా, తెల్లది నల్లగా తిరగేసుకోవడం అతని కళ్ళకి అలవాటైపోయింది. మొదటి పెట్టె గుర్తొస్తే మాత్రం చేతిలో పలక కింద పెట్టేసేవాడు.

అతని అక్క మొగుడు పక్క వీధిలో దర్జీ. నోరు విప్పితే వేళాకోళమే.

"ఏం బావమరిదీ, ఇనుముతో ప్రేమలో పడ్డావట! మా చెల్లెమ్మకి చెప్పమంటావా?"

"చెబుదువుగానీ, ముందు ఇది చూడు బావా."

ఆవిరి యంత్రం పెద్ద చక్రం. చుట్టూ గోడ లేదు, మనిషి లేడు.

"గాల్లో నిలబెట్టారా దీన్ని?"

"వెనకున్నదంతా పలక మీద ఎర్రరంగు పూసి మూసేశారు. కొనేవాడికి యంత్రం కనపడాలిగానీ, పక్కన నిలబడ్డవాళ్ళెందుకు? నేనైనా అదే చేసేవాణ్ణి. కుంచె పనితనం చూడు, చక్రం ఆకుల సందుల్లో వెంట్రుకవాసి తప్పలేదు."

ఒక్కచోట మాత్రం కుంచె ఆగింది. చక్రం మీద ఎవరిదో చెయ్యి ఉంది. దాన్ని చెరిపితే చక్రం చెడుతుందని వదిలేసినట్టున్నారు. మణికట్టు దాటాక అంతా ఎరుపు.

బావ భూతద్దం లాక్కున్నాడు. ఆ చేతికి చివరి రెండు వేళ్ళూ సగానికి లేవు.

అతని మొహంలో వేళాకోళం ఆరిపోయింది. వాళ్ళ నాన్న ఆ కార్ఖానాలోనే పోత పని చేసేవాడు. కరిగిన ఇనుము రెండు వేళ్ళు తీసుకుపోయిందని తల్లి చెప్పేది. బావ పాకే వయసులో ఆయన పోయాడు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

"ఈ రంగు పోతుందా?"

"నీళ్ళకి కరుగుతుంది. కానీ పాత పలక, స్టూడియో ఆయనకి ఓసారి చూపిద్దాం బావా."

"ఆయన బుధవారం రమ్మంటాడు, బుధవారం వెళితే శుక్రవారం అంటాడు. వేల అద్దాలు కడిగిన చేతులురా నీవి, మధ్యలో ఇంకొకడెందుకు?"

సరుకు అమ్మేవాళ్ళ పొగడ్తలకి ఎన్నడూ లొంగని షావుకారు ఆ మాటకి లొంగిపోయాడు.

అన్నీ సరిచూసుకున్నాడు. చల్లటి నీళ్ళు తెచ్చాడు. రుద్దకూడదనుకున్నాడు, మెత్తటి దూది పెట్టుకున్నాడు. పలకని మాత్రం చెయ్యి అలవాటు కొద్దీ ఆ రేకు తొట్టిలోనే పెట్టాడు. అంతకుముందు తొట్టిని రెండుసార్లు కడిగాడు కూడా. రేకు మడతల్లో గడ్డకట్టిన సోడా సంగతి తట్టలేదు.

ఎర్రరంగు దారాలు దారాలుగా విడిపోయింది. భుజం వచ్చింది, మెడ వచ్చింది, మొహం వచ్చింది.

"ఇదేంట్రా, బొగ్గు ముద్దలా ఉంది!"

"నెగటివ్ కదా బావా, నల్లగా ఉన్నదంతా తెలుపనుకుని చూడు."

బావ కళ్ళు చికిలించాడు, తల వంచాడు, పక్కకి తిరిగి చూశాడు. అతనికి అందలేదు. షావుకారుకి మాత్రం ఒక్క చూపులో మనిషి కనిపించాడు. అదే క్షణంలో వేళ్ళకి జిగురు తగిలింది. సోడా నీళ్ళ జిగురు. పలక అంచున పొర ముడుచుకుంటోంది.

ఎత్తితే చిరుగుతుంది. వదిలితే తేలుతుంది. నీళ్ళు వంపితే వాటితోపాటే పోతుంది. బొమ్మని ఊడదీయడం అతనికి ఎన్ని రకాలుగానో తెలుసు, నిలబెట్టడం ఒక్క రకంగానూ తెలియదు. రెండు చేతులూ నీళ్ళలోనే పెట్టుకుని ఉండిపోయాడు.

"ఆపరా!"

"ఎలా బావా?"

పొర మీగడలా లేచింది. మొహం మధ్యకి మడత పడింది. కాసేపు తేలి, చీలికలై అడుక్కి దిగింది. కింద గాజు తళతళలాడుతోంది.

బావ అడిగాడు. "నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"ఎలా ఉన్నాడు?"

నీలాగే అందామనుకున్నాడు షావుకారు. కానీ ఆ మొహం బావలా లేదు.

"చెవులు పెద్దవి."

"ఇంకా?"

"మీసం ఉంది. సన్నం."

"అది అందరికీ ఉంటుంది. ఇంకా చెప్పరా."

"నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు."

"ఎలా? ఎలా ఆపుకుంటున్నాడు?"

షావుకారు తన మొహం అలా పెట్టబోయాడు. పెదవి ఒక పక్కకి లాగాడు, వదిలాడు, మళ్ళీ లాగాడు. కుదరలేదు. బావ కన్నార్పకుండా అతని మూతివంకే చూస్తున్నాడు.