మార్సెల్ గులాబీలు

చెరకు పండే ఆ దీవిలో, కాత్ర్ బోర్న్ అనే ఊళ్లోని ఫ్రెంచి దొరల ఇంట్లో ఏ వేడుక జరిగినా కేకు మీద చాక్లెట్ గులాబీలు ఉండాల్సిందే. అవి వంటవాడు మార్సెల్ చేతి పూలని చుట్టుపక్కల అందరూ చెప్పుకునేవారు. భోజనాలయ్యాక అతిథులు అతన్ని హాల్లోకి పిలిపించి చప్పట్లు కొట్టేవారు. ముసలాయన టోపీ తీసి వంగి నిలబడేవాడు. ఆ పూలు నిజంగా చేసిన చెల్లమ్మ మాత్రం తలుపు వెనక గిన్నెలు సర్దుతూ ఆ చప్పట్లు వినేది.

చెల్లమ్మ చెరకుతోటల్లో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లైన మరుసటేడే మొగుడు జ్వరంతో పోతే, అంట్లు తోమే పనికి ఆ ఇంట చేరింది. ఒకనాడు మార్సెల్ చేతుల వణుకు ఆమె కంటబడింది. కరిగించిన చాక్లెట్‌లో పాకం పోసి, చల్లారాక పిండిలా మెదిపి, చిన్న ముద్ద తీసి రేకు ఒత్తబోయాడు. రేకు చిరిగింది. మళ్లీ ఒత్తాడు, మళ్లీ చిరిగింది. దాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు.

"ఇలా ఇయ్యి, తోంతోన్," అంది చెల్లమ్మ. ఆ దీవిలో పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు.

ఆమె వేళ్లు ఎప్పుడూ చల్లగానే ఉండేవి. ఎవరి చేతిలోనైనా జిగటయ్యే ఆ ముద్ద ఆమె చేతిలో చెప్పినట్టు విన్నది. ఇక మార్సెల్ దాపరికం లేకుండా నేర్పాడు. రేకు అంచు కాగితమంత పలచన చెయ్యాలి, అడుగు కాస్త మందంగా ఉంచాలి. మొదటి రేకును మొగ్గలా చుట్టి, మిగతావి ఒకదాని భుజం మీద ఒకటి అతికించాలి. పాడుచేస్తే కసిరేవాడు కాదు. బాగా కుదిరితే "మో తిఫీ, నా తల్లే" అని మురిసిపోయి, తన పళ్లెంలోని మాంసం ముక్క ఆమెకు పెట్టేవాడు.

"మాదామ్‌కి తెలిస్తే నన్ను ఉంచదు. ఈ వయసులో ఎక్కడికి పోను?" అన్నాడొకసారి, ఇంటి దొరసాని గురించి.

"నేనెందుకు చెబుతాను తోంతోన్?" అంది చెల్లమ్మ. ఆనాడు ఆ మాట మనసారా అన్నదే.

కానీ విందు వెంట విందు గడిచేకొద్దీ ఆ చప్పట్లు ఆమెకు ముల్లులా గుచ్చుకోసాగాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనను ఆ గదిలోకి పిలిస్తే ఎలా ఉంటుందో! పడుకున్నా అదే ఆలోచన, పొయ్యి ఊదుతున్నా అదే.

ఆ ఏడు చలికాలంలో ఇంటి అమ్మాయి జీన్ పెళ్లి కుదిరింది. పెళ్లి ముందురోజు, ఎన్నడూ వంటింటి గడప తొక్కని మాదామ్, మూడంతస్తుల కేకు ఎంతవరకు వచ్చిందో చూద్దామని లోపలికి వచ్చింది. చెల్లమ్మ రేకులు ఒత్తుతోంది. మార్సెల్ పక్కన పీట మీద కూర్చున్నాడు.

"ఇదేమిటి, నువ్వు చేస్తున్నావా?"

మార్సెల్ గబుక్కున లేచాడు. "నా చెయ్యి బెణికింది మాదామ్. ఇవాళొక్కరోజు సాయం పట్టమన్నాను."

మాదామ్ చెల్లమ్మ వైపు తిరిగింది. "ఒక్కరోజేనా?"

అవునంటే అయిపోయేది.

"కాదు మాదామ్. పోయిన ఏడాది నుంచీ నేనే. పూలన్నీ నేనే చేశాను."

మార్సెల్ బట్ట తీసుకుని, శుభ్రంగా ఉన్న బల్లనే తుడవసాగాడు.

పెళ్లినాడు చెల్లమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని తలుపు వెనక నిలబడింది. కేకు చూసి ఆడవాళ్లు ఆహా అన్నారు. "మార్సెల్ ఏడీ, పిలవండి!" అన్నారెవరో. మాదామ్ నవ్వింది. "ఈసారి మార్సెల్ కాదు. నా కూతురి పెళ్లికి పూలు నేనే నా చేతులతో చేశాను." హాలు చప్పట్లతో మోగిపోయింది. చెల్లమ్మ ఉలిక్కిపడి, కొంగు నడుముకు దోపుకుని, ఎంగిలి పళ్లేలు తీసే పనిలో పడింది.

తెల్లవారేసరికి మార్సెల్ లేడు. మాదామ్ పొమ్మందట. మూట కట్టుకుని టేర్ రూజ్‌లో చెల్లెలి ఇంటికి చేరాడని తెలిసింది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం చెల్లమ్మ రైలెక్కి వెళ్లింది. మార్సెల్ వాకిట్లో కూర్చుని పప్పులో రాళ్లేరుతున్నాడు. కూర్చోమనలేదు.

"నాకు అబద్ధం నోటికి రాలేదు తోంతోన్."

"అలాగా? ఏడాది పాటు వచ్చిందిగా."

చెల్లమ్మ ఏడ్చింది. "నన్ను పిలుస్తారనుకున్నాను. ఒక్కసారి పిలిస్తే చాలనుకున్నాను."

"పిలిచారా?"

"లేదు. తనే చేశానని చెప్పుకుంది."

మార్సెల్ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "పిలిస్తే మాత్రం ఏముందే? రాత్రి చప్పట్లు కొట్టిన చేతులే తెల్లారి కాఫీ చల్లారిందని కప్పు విసిరేవి. నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

"నన్ను క్షమించు."

అతను పప్పులోంచి మరో రాయి ఏరి పారేశాడు. "పొద్దుపోతోంది. రైలు తప్పిపోతుంది, వెళ్లు," అన్నాడు.

చెల్లమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అంట్లు తోమే పనీ తప్పలేదు, పూల పనీ తప్పలేదు. మరుసటేడు జీన్ బిడ్డకు బాప్తిజం. చెల్లమ్మ రేకులు ఒత్తుతుండగా చేపలమ్మే ఆవిడ వాకిట్లో గంప దించి, మాటల్లో మాటగా అంది: "మీ మార్సెల్ పోయాడు కదూ! వానల్లోనే. చెల్లెలికి కూడా భారమైపోయాడు పాపం."

చెల్లమ్మ చేతిలో రేకు నలిగిపోయింది. దాన్ని గిన్నెలోకి విదిలించి, బావి నీళ్లలో చేతులు ముంచి తుడుచుకుంది. మరో ముద్ద తీసుకుంది. సాయంత్రానికి కేకు సిద్ధమైంది. గులాబీలు ఎంతో బాగున్నాయని అతిథులు మాదామ్‌ను మెచ్చుకున్నారు.