ముట్టుకోవద్దన్న వారం

మామగారి పాదాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి పుండు కడుగుతుంటే, ఆమె మోచేతి దగ్గరి తెల్లమచ్చ భర్త కంటపడింది. గుమ్మంలోనే ఆగిపోయాడు. మామగారికి కుష్ఠు అని తేల్చి మందులు మొదలుపెట్టి నెల అవుతోంది. కాళ్లకు స్పర్శ పోయి పుండ్లు పడటం మాత్రం రెండేళ్ల నాటిది. కడిగింది ఎప్పుడూ ఆమే. "నీ చేతికున్న ఓర్పు నాకెక్కడిది" అని మెచ్చుకుని తప్పుకుంటూ వచ్చినవాడు, ఇప్పుడు "పాపని ముట్టుకోకు" అన్నాడు.

ఆ వారమంతా పాప అతని దగ్గరే పడుకుంది. ఆమె మంచం వరండాలోకి, కంచం విడిగా గూట్లోకి చేరాయి. వంట మాత్రం ఆమే చెయ్యాలి. ముట్టుకుంటే అంటుకునేది వండిపెడితే అంటుకోదు కాబోలు అనుకుంటే అంత దిగులులోనూ నవ్వొచ్చింది. నవ్వు నిలవలేదు. రేపు తన కాళ్లకీ పుండ్లు పడితే కడిగేదెవరు? ఎంత ఆలోచించినా ఒక్క మొహమూ తట్టలేదు.

ఆసుపత్రికి ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమని మచ్చ మీద దూది ఆనించింది.

"ఎక్కడ తగిలిందో వేలితో చూపించమ్మా."

చూపించింది. మళ్లీ ఆనించింది, మళ్లీ చూపించింది. కళ్లు తెరవకముందే నీళ్లు జారాయి.

మోచేతి నరం కూడా తడిమి చూసి, స్పర్శ ఉంది కనక ఇది కుష్ఠు కాదు, ఉత్త శోభి మచ్చ, పూతమందుతో పోతుందంది డాక్టరమ్మ. మరి పుండు ముట్టుకుంటే రాదా అని భర్త ఆగలేక అడిగాడు. మందు మొదలుపెట్టని రోగితో ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి దగ్గరగా మసలడమే అసలు ముప్పనీ, రక్తసంబంధీకులకు అది ఇంకాస్త ఎక్కువనీ చెప్పిందావిడ. మందు వేసుకుంటున్నారు కనక పెద్దాయనతో ఇక భయం లేదట. భార్యాభర్తలకీ పాపకీ, ముగ్గురి భుజాల మీదా పుట్టినప్పటి బీసీజీ టీకా మచ్చ ఉంది. అది క్షయకే కాదు, దీనికీ కొంత అడ్డు. పూర్తిగా కాదు కాబట్టి ముందుజాగ్రత్తగా తలా ఒక మోతాదు మందు మింగించింది.

"గండం గడిచింది. నాన్న కాళ్లు ఇక నువ్వు నిశ్చింతగా కడగొచ్చు" అన్నాడు భర్త, ఇంటికి రాగానే.

ఆమె మనసు ఎంత తేలికపడిందంటే, గొంతులోకి కోపం కూడా రాలేదు.

"మీరూ కడగొచ్చు. టీకా మీకూ ఉంది, మందు మీరూ మింగారు. ఇవాళ్టి నుంచి ఆ పని మీది."

లోపల్నుంచి మామగారు, "రారా నాన్నా, నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు" అన్నారు.

ఆమె పాపను ఒళ్లోకి లాక్కుంది. కాసేపటికి "గుడ్డ ఎక్కడుందీ?" అని లోపల్నుంచి కేక వినిపించింది.

ఎక్కడుందో చెప్పింది. లేవలేదు.