నీలం గేటు ఇంట్లో భోజనం

నాలుగో గిన్నె నింపేసరికి గరిటె కుక్కరు అడుగును గీకింది. ఆ చప్పుడు బయటికి వినపడకుండా పిల్సున్ గబుక్కున మూత వేసింది. వసారాలో చెక్క అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. అందరూ సియోల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. పక్కింట్లో రెండు రాత్రులు అద్దెకుండి ఈ రోజే తిరిగి పోతున్నారు.

పిల్సున్ నడుముకి వెల్లుల్లి పొలంలో కూర్చునే మెత్తపీట ఇంకా కట్టే ఉంది. విప్పుకునే తీరిక దొరకలేదు. పొద్దున్నుంచీ ఒంగి కాడలు కోసిన చేతికి పళ్ళెం బరువు ఆగడం లేదు. బార్లీ కలిపిన అన్నం, సోయా ముద్ద పులుసు, కిమ్చీ పచ్చడి, ఉప్పు చేపలు. చేపలు మర్నాటి కోసం దాచుకున్నవి.

"అబ్బ, అవ్వా, ఇంతా!" అంది పొడుగుపిల్ల.

"ఏముందిలే అమ్మా, కూర కూడా చెయ్యలేదు. తినండి."

"మీరు కూర్చోరా?"

"నేను తిన్నా," అంది పిల్సున్.

తినలేదు. పొలం ఊరికి దగ్గరేనని ఆసామి ఈ ఏడు కూలీలకి భోజనం ఎగ్గొట్టాడు. ఇంటికి పోయి తినేసి రమ్మన్నాడు. వచ్చేసరికి ఈ నలుగురూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎదురుపడ్డ మనిషిని పలకరించకుండా ఎలా పోతుంది? "తిన్నారా?" అంది. నలుగురూ ఒక్కసారిగా, "లేదవ్వా!" అని నవ్వారు. ఆ నవ్వు ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. ఈ నెలలో ఇలా వచ్చినవాళ్ళు వీళ్ళే మొదలు కాదు. అందరూ అలాగే నవ్వారు.

వంటింట్లో నిలబడి, కుక్కరులో అంటుకున్న మాడుని వేణ్ణీళ్ళతో కలుపుకుని తాగింది. బయట సగం కిమ్చీ గిన్నెలోనే మిగిలింది. చేపలు మాత్రం ముళ్ళే మిగిలాయి.

వెళ్ళేటప్పుడు పొడుగుపిల్ల చెప్పులు వేసుకుంటూ అంది. "డబ్బులిద్దామనుకున్నామవ్వా. కానీ మీరు నొచ్చుకుంటారట కదా."

"ఎవరు చెప్పారమ్మా?"

"మేం దిగిన ఇంట్లో గోడ మీద రాశారుగా." ఆ పిల్ల ఫోన్లో ఆ రాత ఫొటో తెరిచి సంతోషంగా చదివింది. "చుట్టుపక్కల చూడదగినవి. సముద్రపు గట్టు మీద సూర్యాస్తమయం. సంత వీధిలో తీపి రొట్టెల కొట్టు. నీలం గేటు ఇంట్లో అవ్వ చేతి భోజనం, ఏ హోటల్లోనూ దొరకదు. ఆమె 'తిన్నారా' అని అడిగినప్పుడు 'లేదు' అనండి. డబ్బు మాత్రం ఇవ్వకండి, నొచ్చుకుంటుంది."

పిల్సున్ గేటు పట్టుకుని వింది. సముద్రానికీ రొట్టెల కొట్టుకీ పక్కన తన గేటు. పోయినేడు నీలం రంగు ఆమే వేసుకుంది. పాత డబ్బాలో మిగిలిన రంగు అది.

"మంచిది, జాగర్తగా పోండి," అంది.

*

ఊరి సమావేశ మందిరం దగ్గరికి వెళ్ళేసరికి కూలీల వ్యాను వెళ్ళిపోయింది. పొలం దాకా నడిచింది. మే నెల ఎండ. పీకిన వెల్లుల్లి ఘాటు గట్టు మీదికే కొడుతోంది. వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు.

"అదిగో, హోటలమ్మ వచ్చింది," అంది బోసంగ్ అక్క. బోసంగ్ నించి ఈ ఊరికి కోడలుగా వచ్చిందని ఆమెకా పేరు. పిల్సున్ ఇమ్సిల్ పిల్ల, అందుకని ఇమ్సిల్ వదిన. "ఏం వదినా, ఈరోజు కూర ఏంది? మాక్కూడా ఒక బల్ల పట్టి ఉంచరాదా?"

"నీకు చాలదులే అక్కా, నీకు కుండ కావాల."

అందరూ నవ్వారు. మేస్త్రీ చున్జా నవ్వలేదు. ముఠాని కట్టేదీ, వ్యాను నడిపేదీ, సాయంత్రం కూలి చేతిలో పెట్టేదీ ఆమే. సంచి మూతి కడుతూ, తలెత్తకుండానే అంది. "వదినా, ఇది మూడోసారి. ఆసామి నన్నంటన్నాడు. పనికి వియత్నాం పిల్లలు దొరుకుతున్నారు, ముసలోళ్ళని ఎందుకు మోస్తన్నావు అని. రేపు కూడా ఆలస్యమైతే వ్యానులో చోటుండదు. నేనేం చెయ్యలేను."

"రాను ఆలస్యంగా."

"ఈ పూట సగం కూలే."

"సరే."

వెల్లుల్లి ఈ మూడు వారాలే. తర్వాత ఉల్లి. ఆ కూలీతోనే శీతాకాలం ఇల్లు వెచ్చబెట్టే నూనె పొయ్యి వెలగాలి. పిల్సున్ వరసలో కూర్చుని కొడవలి అందుకుంది.

గోడ మీద రాసిన సంగతి చెప్పింది. బోసంగ్ అక్క చేతిలోని కాడ నేలకేసి కొట్టింది.

"డబ్బులు అడుగు. నువ్వు పెడతన్నావు, ఆ పక్కింటోడు పేరు తెచ్చుకుంటన్నాడు."

"ఇంట్లో అన్నానికి డబ్బులు ఎట్టా అడుగుతానే?"

"మరి తిన్నారా అని అడక్కు. నోరు మూసుకుని లోపలికి పో."

"ఎదురుగా మనిషి నిలబడితే అడక్కుండా ఎట్టా పోను? నువ్వు పోతావా?"

బోసంగ్ అక్క కాడని మళ్ళీ అందుకుని, "పోను," అని ఒప్పుకుంది.

ఆ ప్రశ్నకి జవాబు ఒకటే. "తిన్నా, మీరో?" అనడం. కడుపు నిండినా ఎండినా అదే. పిల్సున్ చిన్నప్పుడు, బార్లీ ఇంకా పచ్చిగా ఉండి ఇళ్ళలో గింజ లేని రోజుల్లో, ఇమ్సిల్లో పక్కింటావిడ వీధిలో అడిగింది, తిన్నావా తల్లీ అని. పిల్సున్ పసిది, ఉన్నమాట చెప్పేసింది. లేదంది. ఆవిడ మారుమాట్లాడకుండా లోపలికి తీసుకుపోయి గంజి తాగించింది. అది ఆవిడ కొడుకు కోసం మూతపెట్టి ఉంచిన గంజి. సంగతి తెలిసి అమ్మ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ ఇంటి ముందు తలొంచుకుని నిలబడింది, చాలాసేపు. పిల్సున్ మళ్ళీ ఆ మాట అనలేదు. మొగుడు పోయినప్పుడు కూడా, ముద్ద దిగని రోజుల్లో, అడిగినవాళ్ళందరికీ తిన్నాననే చెప్పింది. లేదు అంటే, ఇక నిలబడలేను అని ఒప్పుకోవడమే. ఆ మాట విన్నాక పెట్టకుండా ఉండటం మనిషన్నవాడి వల్ల కాదు.

ఆ మాటని వీళ్ళు గేటు తెరిచే తాళంచెవిలా వాడుతున్నారు.

*

సాయంత్రం పక్కింటికి వెళ్ళింది. క్యుహ్వాన్ కొత్త దుప్పట్లు మడత పెడుతున్నాడు. కుర్రాడు మర్యాదస్తుడే. ఎదురైతే నడుం వంచి దణ్ణం పెడతాడు. పండక్కి బత్తాయిల పెట్టె తెచ్చిస్తాడు. పాడుబడ్డ ఆ ఇంటిని కొని, దూలాలు ఉంచి తక్కినదంతా మార్చి, రోజుల లెక్కన అద్దెకిస్తున్నాడు.

"రండి మామ్మగారూ! తిన్నారా?"

"తిన్నా నాయనా. నువ్వో?"

"ఆ, తిన్నాను."

చూశావా, నీకూ తెలుసు, అనుకుంది పిల్సున్. పైకి అంది, "గోడ మీద నా ఇంటి సంగతి రాశావంట. అది తీసెయ్యి."

అతను దుప్పటి పక్కన పెట్టాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు మామ్మగారూ? ఎవరైనా అమర్యాదగా ఉన్నారా?"

"లేదు, పిల్లలు మంచోళ్ళే. నాకు పనికి ఆలస్యమవతంది."

"అందరూ మీ గురించే రాస్తున్నారు తెలుసా? సముద్రం కంటే మీ భోజనమే బాగుందని. ఒంటరిగా ఉంటున్నారు, నలుగురు వస్తే మీకూ సందడిగా ఉంటుందనుకున్నాను." మెల్లగా అన్నాడు. "నేను లేనిది రాయలేదు కదా. తిన్నారా అని మీరే అడుగుతారు. పోనీ, బియ్యం బస్తా ఒకటి పంపించమంటారా?"

నిజమే. అడిగేది తనే. అతను రాసింది అబద్ధం కాదు. బస్తా తీసుకుంటే ఆ వంట ఇక ఉద్యోగమైపోతుంది.

"బియ్యం వద్దు. గోడ మీంచి తీసెయ్యి."

"ఈ నెలకి బుకింగులు అయిపోయాయి మామ్మగారూ. అది చూసే వస్తున్నారు. వచ్చే నెల ఆలోచిద్దాం." వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో సువాసన సబ్బుల పొట్లం పెట్టాడు. గేటు దాకా వచ్చి, మళ్ళీ నడుం వంచాడు.

*

మర్నాడు పొద్దున బియ్యం కొలిచేటప్పుడు చెయ్యి అలవాటుగా రెండో కొలతకి వెళ్ళింది. పిల్సున్ వెనక్కి తీసుకుంది. తన ఒక్కదానికే వండి పొలానికి పోయింది.

మధ్యాహ్నం సందు మలుపు తిరిగేసరికి గేటు ముందు ఇద్దరు ఆడపిల్లలు కనిపించారు. కొత్తవాళ్ళు. ఒకతె చేతిలో ఫోను పైకెత్తి ఉంది. పిల్సున్ని చూడగానే ఇద్దరూ సర్దుకుని నిలబడ్డారు, బస్సు కోసం నిలబడ్డట్టు.

పిల్సున్ దగ్గరికి వచ్చింది. మెత్తపీట నడుం వెనక ఊగుతోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు తెరుచుకున్నాయి కూడా. ఆ పిల్లలు తలలు ముందుకి వంచారు.

ఆమె నోరు మూసుకుంది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఫోను పిల్ల ఇంటివైపు చూసి, గేటు రంగు చూసి, మళ్ళీ ఆమె ముఖం చూసింది. చెవి వినపడదేమో అనుకున్నట్టుంది. గొంతు పెంచి, ముద్దుగా, ఆ మాట తనే అందించింది.

"అవ్వా, తిన్నారా?"

దానికి జవాబు ఒకటే. పిల్సున్ చెయ్యి గేటు మీద పడింది. మట్టి ఎండి బిగుసుకుపోయిన వేళ్ళు. పొద్దున తిన్న ముద్ద ఎప్పుడో అరిగిపోయింది.

"లేదమ్మా," అంది. "తినలేదు."

పిల్లలు నవ్వబోయి ఆగారు. ఫోను కిందికి దిగింది. ఒకతె భుజాన ఉన్న సంచి తడుముకుంది. అందులో ఏముందో ఆమెకే తెలియనట్టు చూసింది. ఊరి సమావేశ మందిరం వైపు నుంచి చున్జా వ్యాను హారన్ మోగించింది.

పిల్సున్ గేటు తియ్యలేదు. అడిగింది వాళ్ళే. వాళ్ళ ముఖాల్లోకే చూస్తూ నిలబడింది.