మూడు వేళ్ళ ఇసుక

మునిరత్నం గుర్రం పేరు కస్తూరి. పేరులో తప్ప ఇంకెక్కడా ఆ పరిమళం లేదు. తిరుపతి స్టేషను ముందు జట్కా స్టాండులో పదేళ్ళుగా యాత్రికుల్ని మోసిన ఆ ఆడగుర్రం, డెబ్బై ఆరు ఎండాకాలంలో ఒకరోజు చంద్రగిరి కోటలో ఏకంగా సేనాపతి వాహనం కాబోయింది. మద్రాసు నుంచి సినిమా వాళ్ళు వచ్చారు గానీ వాళ్ళ గుర్రాలు రాలేదు. అందుకని స్టాండు వరుసలో ముందున్న రెండు బండ్లను పిలిపించారు. మొదటిది మునిరత్నానిది, రెండోది కుప్పయ్యది.

"ఏం లేదయ్యా," అన్నాడు ప్రొడక్షను మేనేజరు కృష్ణమూర్తి. "గుర్రం పరుగెత్తుకొస్తుంది. బాణం తగులుతుంది. పడిపోతుంది. అంతే."

"దానికి పడేది రాదు సార్."

"అది మేం నేర్పిస్తాంలే!" అంటూ ఆయన సన్నటి ఉక్కు తీగ చూపించాడు. ఒక కొస గుర్రం ముందరికాళ్ళకు, రెండో కొస నేలలో దిగ్గొట్టిన గూటానికి. తీగ బిగుసుకున్న చోట గుర్రం బోర్లా పడుతుంది. పూలు పూసే తీగ కాదది, పళ్ళు రాల్చే తీగ. "భయపడకు, మెత్తగా ఇసుక పోయించాం."

ప్రొడక్షను ఆయన చూసుకుంటున్నాడు. ప్రొటెక్షను చూసుకునే మనిషే ఆ కంపెనీలో లేడు.

మునిరత్నం వెళ్ళి ఇసుకలో చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళు దిగేసరికి గోరు బండకు తగిలింది. ఆ మాట అక్కడే అరిచి చెప్పాల్సింది. కానీ గొడుగు కింద డైరెక్టరును, చుట్టూ మూగిన జనాన్ని చూసి వెనక్కి తగ్గాడు. బండి చాటుకు పోయి, పటకారుతో కస్తూరి కాలి లాడం తనే ఊడబెరికాడు.

"లాడం ఊడిపోయినాది సార్. ఈ పొద్దు ఇది పరిగెత్తదు."

"అయితే రెండోదాన్ని పట్టుకురా పో!"

మునిరత్నం కుప్పయ్య బండి వైపు చూశాడు. తన గుర్రాన్ని తప్పించే తొందరలో, దాని వెనక ఇంకో గుర్రం ఉందన్న సంగతే ఆయనకు తట్టలేదు.

స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. మొదటివాడు వదిలిన బేరం రెండోవాడిది. వదిలినవాడు దాని గురించి మంచీ చెడూ నోరెత్తకూడదు. ఎత్తాడా, ఓర్వలేక చెడగొట్టాడని అర్థం. గుర్రం నోటికి వీళ్ళు వేసే కళ్ళెం ఒకటైతే, తమ నోటికి వేసుకున్న కళ్ళెం అది.

ఆ కళ్ళెం మునిరత్నం తెంచేశాడు. "కుప్పయ్యన్నా, వద్దు. కింద బండ ఉండాది. కాళ్ళు ఇరుగుతాయి."

కుప్పయ్య ఎగాదిగా చూశాడు. "ఇందాక లాడమంటివి, ఇప్పుడు బండంటావు. నీకు తప్పింది నాకు దక్కతా ఉంటే కడుపుమంటనా అబ్బా?"

"లాడం నేనే పెరికినానన్నా."

"అట్లనా! అపద్దం చెప్పినోని మాట నేను నమ్మాల్నా? పో పక్కకు."

సేనాపతి గుర్రానికి గంతలేమిటని కుప్పయ్య గుర్రానికి అవి విప్పేశారు. ముందరికాళ్ళకు తీగ కట్టారు. హీరో నీడపట్టున సోడా తాగుతుంటే, ఆయన మీసం లాంటి మీసమే అతికించుకుని డూపు సారంగపాణి గుర్రమెక్కాడు.

"రెడీ!"

మునిరత్నం ఉరికాడు. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులా ఇసుక ఎగదోశాడు. నల్లటి బండ బయటపడింది.

"ఎవడ్రా వాడు! లాగండి!" గొడుగు కింద నుంచి డైరెక్టరు అరిచాడు.

"అప్పా, గుర్రమ్మీదాయనా! నువ్వొచ్చి సూడు! పడేది నువ్వు గూడా!"

సారంగపాణి దిగి వచ్చాడు. బూటు మడమతో తన్ని చూశాడు. ఖంగుమంది. మెల్లగా మీసం పీకేశాడు. "హీరోకు డూపుగా పడతాను సార్. శవానికి డూపుగా పడలేను."

గుర్రం కాళ్ళ కోసం ఆగని కెమెరా, మనిషి తల కోసం ఆగింది.

కృష్ణమూర్తి తీగ చుట్టుకుంటూ, "రేపు పలమనేరు వైపు పోదాం," అన్నాడు. "అక్కడ నేల మెత్తన. గుర్రాలూ దొరుకుతాయి."

కుప్పయ్య తన గుర్రానికి మళ్ళీ గంతలు కట్టాడు. ఆ బండకేసి ఒక్కసారైనా చూడలేదు. "నా బేరం సెడగొట్టినావు. ఇంక వరసలో నా పక్కన నిలబడొద్దు," అని బండి తోలుకుపోయాడు.

మునిరత్నం కంపెనీ వ్యాను వెంట పరుగెత్తాడు. "పలమనేరులో ఏ ఊరు సార్?"

"ఎందుకు? అక్కడికీ వచ్చి లాడాలు పెరుకుతావా?" వ్యాను కదిలింది.

తీగ సంగతి ముందే కబురు చెయ్యడానికి పలమనేరులో ఆయనకు తెలిసిన బండివాడు ఒక్కడూ లేడు. కోట వాకిట సోడాలమ్మే పోలేరమ్మ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పలమనేరులో జట్కాలు యాడ నిలబెడతారు?"

"నాకేం తెలుసప్పా," అంది ఆమె ఖాళీ సీసాలు సర్దుకుంటూ. "ఆ దిక్కు నేనెప్పుడూ పోలా."