మేనమామ కత్తెర

మా ఆస్పత్రికి సంస్కృతి అంటే ఎంత గౌరవమో తెలియాలంటే, పోయిన నెల యూనివర్సిటీ సెమినార్ హాల్లో నర్సులందరినీ కూర్చోబెట్టి చూపించిన అరవై నాలుగు స్లైడ్లు చూడాలి. భక్తి గల కుటుంబాలను నొప్పించకుండా పిల్లలకు వైద్యం ఎలా చేయాలో ప్రొఫెసర్ సుప్రజగారు రోజంతా చెప్పారు. మధ్యలో సమోసాలు కూడా గౌరవంగానే పెట్టారు.

సోమవారం ఆ చదువుకు పరీక్ష వచ్చింది. తార్నాకలోని మా పిల్లల వార్డులో పది నెలల స్నిగ్ధకు తలలో నీరు చేరింది. వాంతులు, మగత. పదకొండింటికి ఆపరేషన్. జుట్టు తీసే మనిషి మెషీన్‌తో రాగానే అమ్మమ్మ పోచమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది.

"పుట్టెంట్రుకలు బిడ్డా, ఇంకా తియ్యలే. నా కొడుకు..."

ఆమె మాట పూర్తి కాకముందే కేసు షీటు మీద 'మతపరమైన కారణాలతో నిరాకరణ' అని ఎక్కేసింది. డాక్టర్ ఉమాపతిగారు వేరే పిల్లాడి ఆపరేషన్ ముందుకు జరిపారు. క్యాంపస్ నుంచి సుప్రజగారు కారులో దిగారు. పోచమ్మనూ, పిల్ల తల్లి రజినినీ కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి గంటసేపు గౌరవించారు. మొక్కు ఏ దేవుడికి? ఎన్ని తరాలుగా ఉంది? ల్యాప్‌టాప్ టకటకలాడుతూనే ఉంది. ఇవతల నా చేతుల్లో పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"అమ్మా, ఆపరేషన్ వద్దంటున్నరా?"

"వద్దని ఎవరన్నరు సిస్టర్? నా మనవరాలు బతకాలె. మొదటి కత్తెర మేనమామ వెయ్యాలె, గంతే. నా కొడుకు సుదర్శన్ పొద్దుగాల్నుంచి గేటు కాడనే ఉన్నడు. మీ వాచ్‌మన్ రానిస్తలేడు."

పేషెంటుకు రెండే పాసులు. అవి తల్లికీ అమ్మమ్మకూ అయిపోయాయి. కుటుంబ విలువలను గౌరవించే ఆస్పత్రిలో మిగతా కుటుంబం రోడ్డు మీద ఉండాలి మరి.

నేనే పరుగెత్తి తీసుకొచ్చాను. క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంట చేస్తాడు సుదర్శన్. చేతులు కడుక్కుని మేనకోడలిని ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రెస్సింగ్ కత్తెర ఇచ్చాను. పిల్ల నుదుటి మీది పాయ పట్టుకున్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. మూడు కత్తెరలు వేశాక ఆ వెంట్రుకలను పోచమ్మ కొమురవెల్లి మల్లన్నకని కొంగున ముడేసుకుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

"ఇగ తీస్కపోండ్రి," అంది.

తీసుకుపోవడానికి థియేటర్ ఖాళీగా లేదు. రెండున్నరకు గానీ పిల్ల లోపలికి వెళ్లలేదు. అప్పటికి పిలిచినా పలకడం మానేసింది.

సుప్రజగారు నిజంగానే బాధపడ్డారు. ఆవిడ మనసు మంచిదే. వచ్చి బెంచీ మీద పోచమ్మ పక్కన కూర్చున్నారు.

"ఈ ఒక్క మాట నాకు ముందే చెప్పాల్సింది కదమ్మా."

పోచమ్మ థియేటర్ తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు.

"చెప్పిన మేడమ్. నువ్వు రాసుకుంటుంటివి."